కుర్చీ దిగినా తరగని పెద్దరికం

(ముందుమాట)

పోలీసు అధికారి పదవీ విరమణ చేసే రోజున సన్మానాలకు కొదవ ఉండదు. శాలువాలు కప్పుతారు, గజమాలలు వేస్తారు, వక్తలు ఒకరిని మించి ఒకరు పొగుడుతారు. మర్నాడు తెల్లవారేసరికి గేటు దగ్గర కాపలా జవాను ఉండడు. వాకిట్లో సర్కారు కారు ఉండదు. నిన్నటిదాకా ఎడతెగకుండా మోగిన ఫోను మూగబోతుంది. అధికారం వెంట వచ్చిన మర్యాద అధికారం వెంటే వెళ్లిపోతుంది. అందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, లోకం తీరే అంత. అదంతా పోయాక ఆ మనిషికి ఏం మిగిలింది, ఊరికి ఆయన ఏం మిగిల్చాడు అన్నదే అసలు లెక్క.

ఆ లెక్క తీస్తే మన తెలుగునాట మొదటి వరసలో నిలిచే పేరు హైదరాబాదు కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారిది. ఆయన 1934లో కొత్వాలు పదవి విడిచారు. అప్పటి నిజాం రాజ్యం లేదు, ఆ రాజూ లేడు, ఆ కొలువూ లేదు. కానీ ఆయన చెయ్యి వేసిన బడి, వసతిగృహం, ఆయన అండ చూసుకుని తలెత్తిన పత్రిక తెలంగాణ చరిత్రలో చెరగకుండా నిలిచాయి. ఒక పోలీసు అధికారి గురించి తొంభై ఏళ్ల తర్వాత కూడా కొత్తగా పుస్తకం రాయబుద్ధి పుట్టిందంటే, ఆ సన్మానం ముందు ఎన్ని శాలువాలైనా దిగదుడుపే.

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నాకు మనవరాలి వరస. కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది. నారాయణగూడలో రెడ్డిగారి పేరున నడుస్తున్న మహిళా కళాశాలలోనే డిగ్రీ చదువుకుంది. చదువుకున్నన్నాళ్లూ ఆ పేరు రాసిన గేటులోంచే లోపలికి వెళ్లినా ఆయన ఎవరో తనకు తెలియదనీ, తోటి పిల్లలను అడిగితే ‘ఎవరో డబ్బున్న దాత అయ్యుంటాడులే’ అన్నారనీ తన తొలిపలుకులో రాసుకుంది. ఆ తెలియనితనమే ఆమెను ఈ పనికి పురికొల్పింది. రాతప్రతి నా చేతికిచ్చి, “తాతయ్యా, మీరు చదివి, బాగుంటేనే నాలుగు మాటలు రాయండి. బాగా లేకపోతే బాగా లేదనే చెప్పండి” అంది. చదివాను. బాగుంది. అందుకే నాలుగు మాటలతో సరిపెట్టకుండా కాస్త వివరంగానే రాస్తున్నాను.

వెంకటరామారెడ్డిగారు 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. ఇంగ్లీషు చదువులు చదివి, పరీక్షలు రాసి, నేరుగా పెద్ద కుర్చీలో కూర్చున్నవారు కారు. వీధిబడి చదువుతో మొదలుపెట్టి, 1886లో ముద్గల్లులో పోలీసు అమీనుగా చేరారు. అంటే ఇప్పటి సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయి ఉద్యోగం. అప్పటికి ఆయనకు పట్టుమని పదిహేడేళ్లు. ముద్గల్లు ఉన్న రాయచూరు ప్రాంతమంతా కన్నడ సీమ. సర్కారు కాగితం ఉర్దూ. ఇంట్లో మాట తెలుగు. ఇన్ని భాషల మధ్య జిల్లాల్లో పనిచేస్తూ, మెట్టు మెట్టుగా పైకి వచ్చి, నగరంలో సహాయ కొత్వాలై, 1920లో కొత్వాలు పదవి అందుకున్నారు. నిజాం పాలనలో ఆ పదవికి వచ్చిన తొలి హిందువు ఆయనే. ముద్గల్లు ఠాణా నుంచి నగర కొత్వాలీ దాకా ముప్పై నాలుగేళ్ల దారి అది. పుస్తకంలో ఈ భాగాన్ని రచయిత్రి తొందరపడకుండా నడిపింది. కింది మెట్టు మీద నిలబడి ఫిర్యాదుదారు మొహం చూసిన అధికారికీ, కాగితాల్లోనే జనాన్ని చూసిన అధికారికీ తేడా ఎక్కడ పుడుతుందో ఈ భాగం చదివితే బోధపడుతుంది.

కొత్వాలు పదవి ఎంతటిదో ఈ తరానికి చెప్పవలసి ఉంది. నగర పోలీసు అంతా ఆయన చేతి కింద ఉండేది. ఆయన నేరుగా నిజాముకు జవాబుదారీ. ఊరేగింపు సాగాలన్నా, సభ జరగాలన్నా, రాత్రి వీధులు ప్రశాంతంగా నిద్రపోవాలన్నా భారం ఆయన మీదే. మొహర్రం నెలలో డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం బయలుదేరి చాదర్‌ఘాట్ వైపు కదిలితే వేలాది జనం వెంట నడిచే నగరమిది. హిందూ పండుగలకూ అంతే సందడి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, మార్వాడీ మాట్లాడేవాళ్లు ఒకే సందులో కాపురాలు చేసే చోటు. ఇలాంటి ఊరిని లాఠీ ఒక్కదానితో పద్నాలుగేళ్లు నడపడం ఎవరి వల్లా కాదు. ఇటు పాలకుడి నమ్మకం, అటు పేటపేటలోని పెద్దమనుషుల నమ్మకం రెండూ చేతిలో ఉంటే తప్ప సాగని పని అది.

ఆ నమ్మకానికి గట్టి పరీక్ష ఎదురైన సందర్భం ఒకటి ఈ పుస్తకంలో ఉంది. వేల్సు యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చి 1921 నవంబరు 17న బొంబాయిలో దిగాడు. సహాయ నిరాకరణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. యువరాజు దిగిన నాడే బొంబాయిలో అల్లర్లు చెలరేగి ఎందరో చనిపోయారు. మనసు కలతపడి గాంధీజీ నిరాహార దీక్ష పట్టారు. ఆ యువరాజు 1922 జనవరిలో హైదరాబాదు రావలసి ఉంది. వెంకటరామారెడ్డిగారు కొత్వాలై అప్పటికి ఎంతో కాలం కాలేదు. బొంబాయిలో జరిగింది ఇక్కడ జరగకుండా ఆ పర్యటన సాఫీగా దాటించడం ఆయన ఉద్యోగ జీవితంలో పెద్ద మలుపు. నిజాం ఆయనకు రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చారు. బ్రిటిషు ప్రభుత్వం నుంచి ఓ.బి.ఇ. గౌరవమూ వచ్చింది. రచయిత్రి ఈ బిరుదుల ముచ్చటను రెండు పేరాల్లో ముగించి ముందుకు సాగింది. మంచి పని చేసింది. బిరుదులు తెచ్చుకున్నవాళ్లు ఆ కాలంలో చాలామంది. బిరుదుతో పాటు వచ్చిన పలుకుబడిని ఎవరి కోసం ఖర్చుపెట్టారన్నదే ఈయనను వాళ్ల నుంచి వేరు చేస్తుంది.

అప్పటి పరిస్థితి ఎలా ఉండేదో ఒక్కసారి తలచుకోవాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దేశభాషలో ఉన్నత విద్య అన్న ఆలోచన గొప్పదే. కానీ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ చోటు దక్కలేదు. కచేరీలో తెలుగు లేదు, కాలేజీ పాఠాలు తెలుగులో లేవు. నాలుగు అక్షరాలు నేర్వాలని పల్లె నుంచి నగరానికి వచ్చిన కుర్రాడికి తలదాచుకునే చోటు దొరకడమే గగనం. 1921లో వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆనాటి సభకు అధ్యక్షత వహించినవారు కర్వే మహర్షి. ఆ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఇలాంటి పరిస్థితుల్లోనే, ఆ సభకు మూడేళ్ల ముందే, 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. అప్పటికి వెంకటరామారెడ్డిగారు ఇంకా కొత్వాలు కాలేదు. సంస్థానాధీశులను, దేశముఖులను, కలిగినవాళ్లను కూడగట్టి, చందాలు పోగుచేసి, ఈ హాస్టల్‌ను నిలబెట్టడంలో ఆయనదే ముందడుగు. పోలీసు అధికారి చందా అడిగితే లేదనే ధైర్యం ఎవరికుంటుంది అని ఇప్పటివాళ్లు నవ్వవచ్చు. భయంతో ఇచ్చిన డబ్బు ఒక ఏడు వస్తుంది, రెండేళ్లు వస్తుంది. పదవి పోయాక కూడా ఆ సంస్థ నిలిచిందంటే ఇచ్చినవాళ్లు మనసుతో ఇచ్చారని అర్థం. కొత్వాలై నగరం మొత్తాన్ని భుజాన వేసుకున్నాక కూడా ఆయన హాస్టల్‌ను వదిలిపెట్టలేదు. ఇక్కడ రచయిత్రి హాస్టల్ పిల్లల తిండి, పడక, చదువు, క్రమశిక్షణ గురించి వివరంగా రాసింది. పేజీలు పెరిగినా విసుగు పుట్టదు. ఒక వసతిగృహం నడపడం ఎంత చాకిరీయో నడిపినవాళ్లకే తెలుసు. బియ్యం బస్తా లెక్క నుంచి పుస్తకాల బీరువా తాళం దాకా ప్రతిదీ ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఆ చూసుకునే మనిషిని ఎంచడంలోనే రెడ్డిగారి దూరదృష్టి బయటపడింది. హాస్టల్ బాధ్యతలు సురవరం ప్రతాపరెడ్డిగారికి అప్పగించారు. సురవరంవారు వచ్చాక అది తిని పడుకునే చోటుగా మిగిలిపోలేదు. గ్రంథాలయం పెరిగింది, పిల్లల్లో చదివే అలవాటు పెరిగింది, తెలుగు మాట్లాడటం సిగ్గుపడవలసిన పని కాదన్న ధైర్యం పెరిగింది. 1926 మే 10న సురవరంవారి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైనప్పుడు ఆ ప్రయత్నానికి వెనక కొత్వాలు అండ ఉంది. పత్రికల మీద పోలీసు కన్ను ఉండే రాజ్యంలో పోలీసు పెద్దే ఒక తెలుగు పత్రికకు ఆసరా ఇవ్వడం మామూలు విషయం కాదు. తెలంగాణలో కవులు పూజ్యం అన్న మాటకు జవాబుగా సురవరంవారు గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను లోకం ముందు నిలబెట్టారు. ఆ సంచిక వెలువడిన సంవత్సరం 1934. కొత్వాలు పదవీ విరమణ చేసిన సంవత్సరమూ అదే. ఆ ఏడాది ఆయనకు వచ్చిన కానుకలలో ఇంతకన్నా గొప్పది మరొకటి ఉండదని నేననుకుంటాను.

ఆడపిల్లల చదువు గురించిన అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగు బాలికల కోసం ఉన్నత పాఠశాల మొదలుపెట్టారు. ప్రైవేటు బడి తెరవాలంటే సర్కారు అనుమతి కావాలి. అందులోనూ తెలుగు మాధ్యమం, అందులోనూ ఆడపిల్లలు. ఇక్కడి విశ్వవిద్యాలయం ఉర్దూది కనుక ఆ బడి పూనాలో కర్వే మహర్షి నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. నగరంలో జరిగిన సభలో తెలుగు మాటకు అవమానం జరిగినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన స్థాపించిన సంస్థే, కొన్నేళ్లకు తెలుగు పిల్లల పరీక్షలకు దారి చూపింది. చరిత్ర ఒక్కోసారి ఇలా బాకీలు తీరుస్తుంది. ఆ బడికి పెద్దదిక్కుగా నిలిచినవారిలో వెంకటరామారెడ్డిగారు ముఖ్యులు. పరదా కట్టిన బండ్లలో పిల్లలను బడికి పంపడానికి వెనకాడే తల్లిదండ్రులకు, ‘కొత్వాలుగారు ఉన్నారు కదా’ అన్న ఒక్క ధీమా ఎంత పనిచేసి ఉంటుందో ఊహించండి. పోలీసు అంటే ఇంటికి రాకూడని మనిషి అనుకునే సమాజంలో, పోలీసు పెద్ద పేరు చెబితే ఆడపిల్ల గడప దాటి బడికి వెళ్లింది. ఇంతకు మించిన శాంతిభద్రతలు ఏముంటాయి?

ఇప్పుడు అదే నారాయణగూడలో సాయంత్రం పూట నిలబడి చూడండి. పైన మెట్రో రైలు దూసుకుపోతుంటుంది. కింద ఆటోలు, బస్సులు, కొబ్బరిబొండాల బండ్లు. రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల గేటులోంచి అమ్మాయిలు గుంపులు గుంపులుగా బయటికి వస్తుంటారు. ఒకరి భుజాన ల్యాప్‌టాప్ సంచి, మరొకరి చేతిలో ల్యాబు రికార్డు, ఇంకొకరు ఫోనులో అమ్మతో ‘బస్సెక్కుతున్నా’ అని చెబుతుంటారు. ఆ కళాశాల 1954లో మొదలైంది. అంతకు ముందటి సంవత్సరం జనవరిలో రెడ్డిగారు కన్నుమూశారు. ఆయన కళ్లారా చూడని కళాశాల అది. అయినా ఆ పేరు పెట్టుకోవడానికి ఇంతకన్నా తగిన మనిషి ఆ వీధిలో లేడు.

ఇక గడ్డు విషయానికి వస్తాను. కొత్తతరం చరిత్రకారులు అడిగే ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది, ఆయన నిజాం కొలువులో ఉన్న మనిషి కదా, ప్రజల గొంతు నొక్కిన పాలనలో భాగస్వామి కాడా? రెండోది, ఒక కులం పేరుతో వసతిగృహం పెట్టడం ప్రజాసేవ ఎలా అవుతుంది? చాలామంది జీవితచరిత్ర రచయితలు ఇలాంటి చోట్ల కళ్లు మూసుకుని దాటిపోతారు. ఈ అమ్మాయి ఆగింది. రెండు ప్రశ్నలకూ విడివిడిగా అధ్యాయాలు కేటాయించింది. అందుకు ఆమెను మనసారా అభినందిస్తున్నాను.

మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలన్న గస్తీ నిషాన్ 53 లాంటి ఉత్తర్వులు అమలైన రోజులవి. ఆ యంత్రాంగంలో కొత్వాలు ఒక భాగమే. దాన్ని దాచనక్కర లేదు. అయితే ఆ గోడకు లోపలి వైపు నిలబడి, చట్టం గీసిన గీత దాటకుండానే, ఎంతమందికి దారి తెరవవచ్చో ఆయన చేసి చూపారు. ఉద్యమకారుడు గోడ బద్దలు కొడతాడు. మంచి అధికారి ఆ గోడలో తలుపు పెట్టిస్తాడు. సమాజానికి ఇద్దరూ కావాలి. ఆయన ఉద్యమకారుడు కాడు, అలా అని చెప్పుకోనూ లేదు. కానీ ఆయన పెట్టించిన తలుపులోంచి నడిచి వచ్చినవారిలో ఉద్యమకారులున్నారు. భువనగిరి దగ్గరి బొల్లేపల్లి నుంచి వచ్చి రెడ్డి హాస్టల్‌లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డిగారే తర్వాత నిజాం పాలన మీద తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడయ్యారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూగారికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. నిజాం కొత్వాలు నిలబెట్టిన హాస్టల్‌లో అన్నం తిన్న కుర్రాడు నిజాం రాజ్యాన్నే ఎదిరించాడు. చదువు చెప్పించినవాడికి ఆ చదువు ఎటు తీసుకెళుతుందో నిర్ణయించే హక్కు ఉండదు. ఆ హక్కు కోరకుండా చదువు చెప్పించడమే దానం.

రెండో ప్రశ్నకు రచయిత్రి ఇచ్చిన జవాబు సమతూకంగా ఉంది. ఆ కాలంలో ప్రభుత్వం చేయని పనిని కులసంఘాలు నెత్తికెత్తుకున్నాయి. ఎవరి పిల్లలకు వాళ్లు గూడు కట్టుకోవడం నుంచే చదువు మొదలైంది. హైదరాబాదులో ఆ తర్వాత ఎన్నో కులాలవాళ్లు తమ తమ వసతిగృహాలు కట్టుకున్నారు. చదువుకు అలా దారులు పడ్డ మాట నిజం. ఎవరి గూడుకూ నోచుకోని పిల్లలు మిగిలిపోయిన మాటా నిజమే. రెండూ చెప్పాలి, రెండూ ఈ పుస్తకం చెప్పింది. నా వంతుగా ఒక మాట కలుపుతాను. కులం పేరున్న సంస్థతో మొదలైన మనిషి అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన తన కులానికే పెద్దమనిషి అయ్యేవాడు. బాలికల బడికీ పత్రికకూ మొత్తంగా తెలుగు భాషకూ చేయి అందించారు కాబట్టే ఆయన ఊరికి పెద్దమనిషి అయ్యారు.

అరవై అయిదో ఏట ఆయన కొత్వాలు కుర్చీ దిగారు. విశ్రాంతికి తగిన వయసే. నిజాం ఆయనను వదులుకోలేక తన సొంత భూముల వ్యవహారం చూసే సర్ఫెఖాస్‌లో ప్రత్యేకాధికారిగా నియమించుకున్నారు. అది ఉద్యోగం సంగతి. ఉద్యోగానికి బయట ఆయన చేసిన పని మాత్రం 1934కు ముందు ఎలా ఉందో తర్వాతా అలాగే సాగింది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1939లోనే ఆయన జీవిత చరిత్ర రాసి ప్రచురించారు. మనిషి బతికి ఉండగా, పైగా అధికారంలో లేనప్పుడు, సురవరంవారి వంటి నిక్కచ్చి మనిషి పూనుకుని ఆ పుస్తకం రాశారంటే అందులో ముఖస్తుతికి చోటెక్కడిది? నిజాం పాలన అంతమవడం, కొత్త ప్రభుత్వం రావడం, తొలి ఎన్నికలు జరగడం అన్నీ రెడ్డిగారు చూశారు. 1953 జనవరిలో ఆయన, అదే ఏడాది ఆగస్టులో సురవరంవారు వెళ్లిపోయారు. అధికారం అద్దె ఇల్లు వంటిది. ఆ ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో వీధికంతా పనికొచ్చే బావి తవ్వించి వెళ్లిన మనిషి వెంకటరామారెడ్డిగారు.

ఈ పుస్తకాన్ని నేను మరో కారణంతో కూడా విలువైనదిగా భావిస్తున్నాను. పోలీసుల గురించి మనం రెండే రకాలుగా మాట్లాడుకుంటాం. సినిమాలో అయితే ఒంటిచేత్తో వందమందిని మట్టికరిపించే వీరుడు, వీధిలో అయితే మామూళ్లు వసూలు చేసే మనిషి. ఈ రెంటి మధ్య, రాత్రంతా రోడ్డు మీద నిలబడి తెల్లారాక ఇంటికి వెళ్లే లక్షల మంది ఉద్యోగులు మన కంటికి ఆనరు. పదవీ విరమణ అనేది పోలీసు కొలువులో అందరికీ దక్కే భాగ్యం కూడా కాదు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ పోలీసు దళాన్ని తీర్చిదిద్దిన కె.ఎస్. వ్యాస్‌గారు 1993 జనవరిలో హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో పరుగు తీస్తుండగా తూటాలకు బలయ్యారు. మరో పోలీసు అధికారి ఉమేశ్ చంద్రగారిని 1999 సెప్టెంబరు 4న ఎస్.ఆర్. నగర్ కూడలిలో పట్టపగలు కాల్చి చంపారు. వాళ్లకు వీడ్కోలు సభలు జరగలేదు, అంత్యక్రియలు జరిగాయి. ప్రతి ఏడాది అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాడు పేర్లు చదువుతుంటే ఆ జాబితా ఎంతకూ తరగదు. ఆరోగ్యంగా పదవీ విరమణ చేసి, మనవలతో కూర్చునే అదృష్టం దక్కిన ప్రతి పోలీసు అధికారీ ఆ జాబితాలోని వాళ్లకు ఎంతో కొంత రుణపడి ఉన్నట్టే. మిగిలిన కాలాన్ని ఊరికి పనికొచ్చేలా గడపడమే ఆ రుణం తీర్చుకునే దారి.

పాలనాపరంగా చూసినా కొత్వాలు జీవితం నేర్పే పాఠం ఒకటుంది. ఆయన ఒకే కుర్చీలో పద్నాలుగేళ్లు నిలిచారు. అంత సమయం దొరికింది కాబట్టే నగరం నాడి తెలిసింది, సంస్థలు వేళ్లూనుకున్నాయి. కానీ ఆ పద్నాలుగేళ్లూ ఒక ప్రభువు దయ మీద ఆధారపడ్డవి. ప్రజాస్వామ్యంలో అలా కుదరదు, కుదరకూడదు కూడా. అందుకే సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో రాష్ట్ర పోలీసు అధిపతికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని ఆదేశించింది. దయ స్థానంలో చట్టం రావాలన్నదే దాని సారం. ఆ తీర్పు వచ్చి ఏళ్లు గడిచినా దాని అమలు మీద వివాదాలు ఆగలేదు. మన నగర పోలీసుకు వర్తించే చట్టం ఇప్పటికీ ఫసలీ సంవత్సరం 1348 నాటిదే, అంటే నిజాం కాలంలో చేసినదే. కాగితం ఏదైనా దాన్ని పట్టుకున్న చెయ్యి మంచిదైతే జనానికి మేలు జరుగుతుందని వెంకటరామారెడ్డిగారు నిరూపించారు. అయితే మంచి చెయ్యి దొరికే దాకా జనం ఎదురుచూడనక్కర లేకుండా చేయవలసింది మన శాసనసభలు.

రచయిత్రి పడ్డ శ్రమ గురించి చెప్పకపోతే నా ముందుమాట అసంపూర్ణం. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో కూర్చుని ఉర్దూ దస్తావేజులు చదవడానికి ఆమె ముందు ఉర్దూ నేర్చుకుంది. ఫసలీ తేదీలను మన తేదీల్లోకి మార్చే చోట ఎంత జాగ్రత్త పాటించిందో ప్రతి అధ్యాయంలోనూ కనిపిస్తుంది. విన్నదాన్ని విన్నదిగానూ, కాగితంలో చూసినదాన్ని చూసినదిగానూ వేరు చేసి చెప్పింది. కొత్వాలుగారి గురించి వ్యాప్తిలో ఉన్న ముచ్చట్లు కొన్ని వినడానికి ఎంత సొంపుగా ఉన్నా, ఆధారం దొరకలేదని పక్కన పెట్టింది. ఈ నిగ్రహం ఆమె వయసులో అరుదు. భాష కూడా హాయిగా ఉంది. ఖిల్లా, ఠాణా, అమీను, కచేరీ, దరఖాస్తు లాంటి మన మాటలను మనవిగానే వాడింది.

మలిముద్రణకు ఒక సూచన చేస్తున్నాను. కొత్వాలు చేతి కింద పనిచేసిన సామాన్య జవానుల బతుకు ఈ పుస్తకంలో తక్కువగా ఉంది. ఏ అధికారి గొప్పతనమైనా ఆయన కింద పనిచేసినవాళ్ల మాటల్లోనే పూర్తిగా తేలుతుంది. జీతాలు, సెలవులు, కుటుంబాలు, కాపలా రాత్రులు వీటి గురించిన కాగితాలు దొరికినంతవరకు వెతికి ఒక అధ్యాయం చేరిస్తే పుస్తకం నిండుతనం పెరుగుతుంది. ఆ పని ఈమే చేయగలదు, చేయాలి.

హైదరాబాదు శివార్లలో హిమాయత్‌సాగర్ దగ్గర ఉన్న పోలీసు అకాడమీకి తెలంగాణ ప్రభుత్వం రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు పెట్టింది. బస్సు కండక్టర్లు మాత్రం ఇప్పటికీ ఆ దగ్గరి కూడలిని, అకాడమీ పాత ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో, ‘అప్పా జంక్షన్’ అనే పిలుస్తారు. పిలుపు ఏదైనా ఫరవాలేదు. లోపల శిక్షణ పొందుతున్న పిల్లలకు ఆ పేరు వెనక ఉన్న మనిషి తెలియాలి. పాసింగ్ అవుట్ పరేడ్ రోజున మెరిసే బూట్లతో, చెమట పట్టిన మొహాలతో కదం తొక్కుతున్న ఆ కుర్రాళ్లలో, అమ్మాయిల్లో ప్రతి ఒక్కరికీ ఈ పుస్తకం ఒక ప్రతి అందాలని నా కోరిక. తుపాకీ పట్టడం, కేసు డైరీ రాయడం అక్కడ నేర్పుతారు. ఉద్యోగం చేసిన ఊరికి ఉద్యోగం అయిపోయాక కూడా ఎలా పనికిరావాలో ఈ పుస్తకం నేర్పుతుంది. ఈ ఏడాది, వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోతున్న పోలీసు అధికారులకు సన్మానసభలో పెట్టే జ్ఞాపికతో పాటు దీన్ని కూడా చేతికివ్వండి. ఆ సభ ముగిశాక వాళ్లు చేయగల పని ఎంతో ఉందని ఇది గుర్తుచేస్తుంది.

  తెలుగు చదవగలిగిన ప్రతి ఇంట్లో, ముఖ్యంగా ఖాకీ బట్టలు ఆరేసే ప్రతి ఇంట్లో ఈ పుస్తకం ఉండాలి.